చెంపకు ఆనించిన ప్యాడు

ఆగాగు, ఆ మరిగే నీళ్ళు వాటి మీద పొయ్యకు తల్లీ. కారు నీదే, పాలిష్ మిషను నీదే, దానికి తగిలించే స్పాంజి ప్యాడ్లూ నీవే, కాదనను. కానీ మీ తాతయ్య సంగతి వినకుండా ఆ గిన్నె వంచితే మాత్రం నేనూరుకోను. ఇట్లా వచ్చి కూర్చో. ముందే చెప్తున్నా, ఇందులో ఒక్క ముక్క అబద్ధమని తేలినా ఈ మీసం గొరిగించి నీ చేతిలో పెడతా. నవ్వు, నవ్వు. మీ నాన్నా ఇట్లాగే నవ్వేవాడు, తర్వాత నోరు మూసుకునేవాడు.

మీ తాతయ్య, అదే మా బావ, కారుకి పాలిష్ పెట్టాడంటే ఆ కారు పక్కన జనం ఆగి తల దువ్వుకునేవాళ్ళు. ఒకసారి ఒక కాకి బానెట్ మీద వాలి, లోపల ఇంకో కాకి ఉందనుకుని మధ్యాహ్నం దాకా దాంతో పోట్లాడి సొమ్మసిల్లి పడిపోయింది. నీళ్ళు చల్లి లేపింది నేనే. సరే, కాకి సంగతి వదిలెయ్. ఆయన గొప్పంతా మిషను తిప్పడంలో ఉందనుకునేవాళ్ళు గానీ, అసలు విద్య ప్యాడ్లు కడగడంలో ఉండేది. గరుకు ప్యాడ్లకి ఒక బకెట్టు, మెత్తవాటికి ఒకటి, వ్యాక్స్ పూసే చిన్న స్పాంజీలకి వేరే బేసిను. గోరువెచ్చటి నీళ్ళు, కాస్తంత సబ్బు. పిండకూడదు, పసిబిడ్డ పొట్ట మీద చెయ్యి వేసినట్టు నొక్కాలి. నీడలో ఆరబెట్టాలి. ఆరాక ఒక్కో ప్యాడూ తీసి చెంపకు ఆనించుకునేవాడు. "వేళ్ళు మొద్దుబారి పోయాయిరా బామ్మర్దీ, ఇసుక రేణువు ఉందో లేదో చెంపకే తెలుస్తుంది" అనేవాడు. ఒక్క రేణువు మిగిలినా నల్ల కారు మీద సాలెగూడు అల్లినట్టు గీతలు పడతాయి మరి. మేం పనిచేసే కార్ల షెడ్డులో ఎవడైనా ఆ బకెట్ల దగ్గరికి వెళ్తే, "చెయ్యి తియ్, నీ చేతులకి అంత చదువు లేదు" అని కసిరేవాడు. అంత పొగరు.

అంత పొగరున్న మనిషి ఒక సాయంత్రం, అప్పుడే ముగించిన కారుని మెచ్చుకుంటూ నలుగురు చేరితే, వాళ్ళతో కోతలు కోస్తూ టీ కొట్టు దగ్గరే ఉండిపోయాడు. ప్యాడ్లు కడగలేదు. పొద్దున్నకి వ్యాక్సూ పాలిషూ పట్టి ఇటుకల్లా బిగుసుకున్నాయి. ఆ రోజే డాక్టరమ్మ నల్ల కారు ఇవ్వాలి. ఏం చేశాడు? వాటిని ఇంటికి పట్టుకొచ్చి, స్నానానికి కాగుతున్న తపేలాలో, కుతకుతా ఉడుకుతున్న నీళ్ళలో పడేశాడు. మా అక్క చూసి, "ఏమండీ, ఎవర్నీ గోరువెచ్చటి నీళ్ళు దాటనివ్వరు కదా" అంది. "నీకేం తెలుసే, నువ్వు ఊరుకో" అన్నాడు. ప్యాడ్లు మెత్తబడ్డాయి. దాంతోపాటు స్పాంజిని వెనక పట్టీకి అంటించే జిగురు కూడా మెత్తబడింది. అది బావకి కనపడలేదు.

షెడ్డులో నేను ఆయన పక్కనే టైరు విప్పుతున్నా. మిషను ఊపందుకుందో లేదో, స్పాంజి ఊడి నా చెవి పక్కనుంచి రయ్యిమని వెళ్ళి గోడకి కొట్టుకుంది. స్పాంజి ఊడిన మిషను ప్లేటు బానెట్ మీద కర్ర్‌ర్ మంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా పళ్ళలో ఉంది. నల్లటి బానెట్ మధ్యలో అరచేతంత తెల్లటి గాటు. షెడ్డు ఓనరు పరుగెత్తుకొచ్చి, "ఏంటయ్యా మేస్త్రీ ఇది? డాక్టరమ్మకి నా మొహం ఎట్లా చూపించను?" అన్నాడు. అందరూ మూగారు. బావ మొహంలో రక్తం లేదు. అప్పుడన్నాడు తల్లీ, చెప్పడానికి నాకే నోరు రావడం లేదు, "మా ఆవిడండీ. నేను చూడకుండా మరిగే నీళ్ళలో ఉడకబెట్టింది. ఆడదానికి ఏం తెలుస్తుంది?" అని.

గుమ్మంలో క్యారియరు పట్టుకుని మా అక్క నిలబడి ఉంది. అంతా విన్నది. లోపలికొచ్చి, క్యారియరు బల్ల మీద పెట్టి, "అవునయ్యా, నేనే. తెలియక చేశాను" అని ఓనరుకి చెప్పి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అంతే. ఒక్క చూపు చూసినా బావ బతికిపోయేవాడు. చూడలేదు. ఆ రోజు ఆయన క్యారియరు మూత తియ్యలేదు. ఓనరు మాత్రం జాలిపడి, "పోనీలే మేస్త్రీ, ఇంట్లో ఆడవాళ్ళని దగ్గరికి రానివ్వకు" అని భుజం తట్టాడు. తట్టిన చోట కాలినట్టు ముడుచుకుపోయాడు మనిషి.

అక్కడినుంచి కోతలు ఆగిపోయాయి. ప్యాడ్లు రోజూ ఇంటికి తెచ్చి, వీధి అరుగు మీద, వచ్చేపోయే వాళ్ళందరూ చూస్తుండగా కడిగేవాడు. ఆరినవి తెచ్చి మా అక్కకి ఇచ్చేవాడు. "రేణువుందేమో కాస్త చూడు" అనేవాడు. ఆమె చెంపకు ఆనించుకుని, "ఉంది" అనేది. తీసుకెళ్ళి మళ్ళీ కడిగేవాడు. నేనొకసారి పట్టుకుని చూశా, వెన్నలా ఉంది. "లేదు కదే అక్కా!" అన్నా. "నా చెంపకి తగుల్తోందిరా" అంది. ఏళ్ళు గడిచాయి. ఏ రోజూ ఆమె "లేదు" అనలేదు, ఏ రోజూ ఆయన "ఎందుకు" అనలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం అక్క క్యారియరు తెచ్చేసరికి, బావ మిషను ఆపి, ఓనరుని పిలిచి, అందరి ముందూ, "అయ్యా, ఆ ప్యాడు ఉడకబెట్టింది నేనండీ. మా ఆవిడ కాదు" అన్నాడు. ఓనరు వెర్రిమొహం వేసి, "ఏ ప్యాడు మేస్త్రీ?" అన్నాడు. ఎవడికీ గుర్తులేదు! ఒకడు కిసుక్కుమన్నాడు కూడా. పాపం మనిషి, డాక్టరమ్మ కారు దగ్గర్నుంచి మొదలుపెట్టి, టీ కొట్టూ, తపేలా, తను అన్న ఆ మాటా, అన్నీ తన నోటితోనే మళ్ళీ చెప్పుకోవాల్సొచ్చింది. అయినా మధ్యలో ఆపలేదు. అక్క గుమ్మంలోనే నిలబడి చివరిదాకా విన్నది.

ఆ సాయంత్రం అరుగు మీద ప్యాడు అందించాడు. ఆమె చెంపకు ఆనించుకుని చాలాసేపు ఉంచుకుంది.

"లేదు" అంది.

ఏంటట్లా చూస్తావ్? కాకి సంగతి నమ్మకపోతే పోనీ, అది నేను కల్పించిందే. ఇది మాత్రం... అదిగో నా సాక్షి, లోపల పప్పులు ఏరుకుంటోంది. వెళ్ళి మీ నాయనమ్మని అడుగు.