మేడమీది ఫోను

వాక్కుకు అధిదేవతయైన శారదాంబకు నమస్కరించి, ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో వినబడిన మాటలు చెబుతున్నాను. లైన్‌మన్ పెద్దాయన ఆ సాయంకాలం ఇంజనీరమ్మ బల్ల దగ్గర చతికిలబడ్డాడు.

“నాలుగైంది తల్లీ. మా అమ్మాయికి నెట్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ మొదలై ఉంటుంది. పొద్దుటినుంచి మూడుసార్లు నెట్ పోయింది. లైనంతా వెతికి కాళ్లు పడిపోయాయి.”

“లైను బాగానే ఉంది బాబాయ్. పదింటికి, పన్నెండింటికి, రెండింటికి నెట్ మాత్రమే తెగింది. అప్పుడు మీరేం చేస్తున్నారు?”

“నెట్ వస్తోందా అని ఇంటికి ఫోన్ చేశాను.”

“ఇంట్లో కొత్తగా ఫోనేమైనా పెట్టారా?”

“నిన్న మేడమీద ఒకటి పెట్టాను.”

“స్ప్లిటర్ తర్వాతేగా?”

“అయ్యో! దానికి ముందున్న తీగకే కలిపేశాను.”

“ఒకే తీగలో మాటా, నెట్టూ వస్తాయి, రెంటినీ విడదీసే ఆ స్ప్లిటర్ డబ్బా ఫోనుకు ముందు లేకపోతే బెల్లు మోగగానే నెట్ పోతుందని ఊరందరికీ చెప్పేది మీరే కదా!”

“ఉండు, ఆ ఫోను ఊడదీయమని ఒక్క మాట చెబుతాను.”

“బాబాయ్, రిసీవర్ పెట్టేయండి! ఇప్పుడు బెల్లు మోగిందా, ఇంటర్వ్యూ గోవిందా.”

“మరి ఎలా సాగుతోందో నాకెలా తెలుస్తుంది?”

“అదిగో, ఆ యంత్రంలో మూడో కార్డు మీద మీ లైను దీపం. అది పచ్చగా వెలుగుతున్నంతసేపూ నెట్ ఉన్నట్టే.”

ఆయన కుర్చీ లాక్కుని, చేతులు రెండూ ఒడిలో బిగించుకుని, అయిదింటిదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అది ఆరలేదు.

విన్నవారందరి బిడ్డల మాటా తెగక సాగుగాక!