రెండు రథాల మధ్య

కొండ కింది ఊళ్ళో వేసవి దీపాల పండగ. ఇరుకు వీధిలో ముక్కుకు ముక్కు ఆనేలా ఎదురుపడి నిలిచిన రెండు దీపాల రథాలు. మధ్యలో చేతిదీపాలతో ఇద్దరు మనుషులు, ఒకరి నడికట్టు ఒకరు పట్టుకుని.

"కట్టుబాటు ప్రకారం గుడికి ఎక్కే రథానికి దిగే రథం తప్పుకోవాలి. పై వీధి తరఫున అడుగుతున్నాను. ఏటి వీధి వారు దయచేసి వెనక్కి జరగాలి."

"జరగం."

"మర్యాదగా అడుగుతున్నాను, ఒనోదెరా గారూ."

"మర్యాదగానే చెబుతున్నాను, కువబారా గారూ. జరగం."

"సరే. వినాల్సినవాళ్ళు విన్నారు. ఇక చెవిలో మాట్లాడుకుందాం. ఎందుకొచ్చావురా హిసావో?"

"పండగ చూడ్డానికి."

"చూసేవాళ్ళు అరుగుల మీద కూర్చుని కాల్చిన మొక్కజొన్న కొరుక్కుంటున్నారు. ఏడాదిగా ఊళ్ళో మొహం చూపించనివాడివి, చుట్టపు చూపుగా వచ్చి రాయబారి దీపం పట్టుకున్నావేం? మీ వీధిలో మగాళ్ళు కరువయ్యారా?"

"నిరుడు ఈ దీపం మా తమ్ముడు మినోరు పట్టుకున్నాడు. వాడి తర్వాత ఎవరూ ముట్టుకోలేదట. నేనడిగితే ఇచ్చారు."

"తాగొచ్చావా?"

"చుక్క ముట్టలేదు. నువ్వే సాకే కంపు కొడుతున్నావు, తెత్సుజి."

"పండగరా. కంపు కొట్టకపోతే దేవుడికి కోపం. నడికట్టు కాస్త వదులుగా పట్టుకో, పేగులు బయటికొచ్చేలా ఉన్నాయి."

"డప్పుల్లో నీ మాట వినపడటం లేదు. దగ్గరికి రా."

"ఇంతకంటే దగ్గరికొస్తే జనం పెళ్ళి చేసేస్తారు మనిద్దరికీ."

"నవ్వొద్దు. ఆ పన్ను లేని సందు కనపడుతోంది."

"చిన్నప్పుడు నువ్వు రాయేసి ఊడగొట్టిందేగా. కనపడనీ."

"దాని గురించే మాట్లాడదామని వచ్చాను."

"పంటి గురించా? నష్టపరిహారం ఏమన్నా తెచ్చావా?"

"మినోరు ఒళ్ళు నేనే కడిగాను. నడుం కింద కడగడానికేం లేదు, బట్టలో మూటకట్టారు. పైన ఉన్నంత మటుకు కడిగాను. కుడి అరచేతిలో పంటి గాట్లున్నాయి. ఎముక దాకా దిగాయి. మధ్యలో ఒక పన్ను లేదు."

"చక్రం తొక్కి ఉంటుంది."

"రథం చక్రానికి పళ్ళుండవు, తెత్సుజి."

"పోలీసులకి చెప్పకపోయావా."

"వాళ్ళు ప్రమాదం అని రాసుకుని పోయారు. నాకు పోలీసులు అక్కర్లేదు."

"దీపాలార్పి పక్కకి దూకుదాం పద. మావాళ్ళు ఊగిపోతున్నారు. రథం ముందు దూలానికి ఇనప తొడుగు వేయించాం ఈసారి. మీ రథాన్ని అటుకుల్లా దంచుతాం."

"నిరుడు నీ కొడుకు కజుమా రథమ్మీంచి మూడుసార్లు అడిగాడు, మధ్యలో ఎవరన్నా ఉన్నారా అని. ఎవరూ పలక్కపోతే రథాలు కదలమని చెక్కలు కొట్టాడు. రెండు రథాలూ దూసుకొచ్చాయి. మినోరు మధ్యలోనే ఉన్నాడు. వాడి పక్కన నువ్వున్నావు."

"చీకటి. డప్పులు. నాకేం తెలుసు."

"వాడి కాలు మురుగుకాలవ బండల మధ్య ఇరుక్కుంది. వాడు అరవబోయాడు. వాడి నోరు నువ్వు మూశావు. విడిపించుకోబోతే చెయ్యి కొరికి, వాడినక్కడే వదిలేసి, కుక్కలా ఒక్క గెంతులో పక్కకి దూకావు. ఎందుకు? రథంతో ఢీకొట్టే గెలవాలని మీకు."

"నీ తమ్ముడు నోరు తెరిస్తే మేం గెలిచినట్టేగదరా పిచ్చోడా. 'ఉన్నాను, ఆపండి' అన్నవాడి వీధి ఓడినట్టు. వాడి నోరు నేనెందుకు మూస్తాను?"

"తలలు పగలగొట్టుకుని గెలిస్తేనే గెలుపు అనుకునే జాతి మీది."

"మీది కాదా? అంతకు ముందేడు వాడు ఆ మాట అన్నాడు. చెప్పు తెగి పడ్డాడు, భయమేసింది, 'ఉన్నాను, ఆపండి' అన్నాడు. ఊరు ఊరంతా నవ్వింది. మా ఆడవాళ్ళు మేకలా అరిచి చూపించారు. అప్పుడు నువ్వేం చేశావు?"

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"చెప్పు, ఏం చేశావు?"

"కొట్టాను."

"దేంతో?"

"చేతికి దొరికిందాంతో."

"తెడ్డుతో. గుడి మెట్ల మీద. అందరి ముందూ. వాడి చెవిలోంచి రక్తం కారుతుంటే, 'నువ్వు చచ్చినా బాగుండేది' అన్నావు. నేనక్కడే ఉన్నాను."

"వీధి పరువు తీశాడు, కొట్టాను. నా తమ్ముణ్ణి నేను కొట్టుకున్నాను, చంపలేదు. మాట తప్పించకు. ఇదిగో, నా దీపం ఆర్పేస్తున్నాను."

"ఆర్పు. హమ్మయ్య, రాయబారం ముగిసింది. ఇక వదులు."

"నీదీ ఆర్పుతున్నాను."

"ఒరేయ్, నా దీపం నేనార్పుకుంటాను. ఆర్పేశావుగా, ఇక నడికట్టు వదులు."

"వదలను."

"హిసావో. రెండు దీపాలూ ఆరిపోయాయి. మనం తప్పుకున్నాం అనుకుంటారు. వదలరా."

"నా నడికట్టూ, నీ నడికట్టూ కలిపి ముడేశాను. నువ్వు నష్టపరిహారం అంటూ వాగుతున్నప్పుడే. వలతాడు ముడి. తడుముకో కావాలంటే. లాగేకొద్దీ బిగుస్తుంది."

"నీకు మతిపోయింది."

"మధ్యలో ఎవరన్నా ఉన్నారా. రథమ్మీంచి ఒకటోసారి అడుగుతున్నా."

"నీ కొడుకు గొంతు బలంగా ఉంది. పలుకు. నీ నోరు నేను మూయలేదుగా. 'ఉన్నాను, ఆపండి' అను, బతుకుతావు. పై వీధి ఓడిపోతుంది. మనవల కాలం దాకా మేకలా అరుస్తారు నిన్ను చూసి."

"నీ బొంద. కత్తి ఉందా నీ దగ్గర? కొయ్యి దీన్ని."

"ఉంటే నీ గొంతులో దింపేవాణ్ణి. అబ్బా."

"ఇంకోటి తగిలిస్తా. ముడి విప్పు."

"కొట్టు. ముక్కే కదా, పగలనీ. ఇంకా గట్టిగా కొట్టు. నేనిక్కణ్ణుంచి ప్రాణాలతో కదిలిపోవాలని రాలేదు. నీ కన్నకొడుకు చెక్కలు కొట్టి నిన్ను నలిపేస్తాడు. రేపు నీ ఒళ్ళు వాడే కడుగుతాడు. కడిగేటప్పుడు తెలుస్తుంది వాడికి."

"వినరా. ఒక్క మాట విను. నేను వాడి నోరు మూయలేదు. వాడే నా నోరు మూశాడు."

"అబద్ధం."

"కాలు ఇరుక్కుంది, నిజం. నేను చంకల్లో చేతులేసి లాగాను, నిజం. మడమ దగ్గర ఏదో విరిగిన చప్పుడు కూడా విన్నాను. రాలేదు. కజుమా అడుగుతున్నాడు. నేను నోరు తెరిచాను, మా వీధి ఓడితే ఓడింది, మనిషి చస్తున్నాడని. వాడు ఆ చేత్తో నా నోరు నొక్కేశాడు. ఊపిరాడలేదు నాకు. విడిపించుకోడానికి కొరికాను. ఎముక తగిలేదాకా కొరికాను. అయినా తియ్యలేదు."

"అబద్ధం రా. అబద్ధం."

"గాట్లెక్కడున్నాయన్నావు? అరచేతిలో. నేను వాడి నోరు మూస్తే, వాడి అరచెయ్యి నా పళ్ళ మధ్యకి ఎట్లా వస్తుందిరా? నువ్వే కడిగావుగా. ఆలోచించు."

"మధ్యలో ఎవరన్నా ఉన్నారా. రెండోసారి."

"ఏమన్నాడు మినోరు? ఏదో ఒకటి అనుంటాడుగా. ఏమన్నాడు?"

"అది అడగొద్దు."

"చెప్పరా."

"'వద్దు తెత్సుజి అన్నా, ఆపమంటే మా అన్నయ్య ఇంట్లోకి రానివ్వడు' అన్నాడు."

"నేనా? నేను రానివ్వనన్నాడా?"

"అన్నాక నోటి మీంచి చెయ్యి తీసి, నన్ను రెండు చేతుల్తో పక్కకి తోశాడు. అప్పటికింకా చెక్కలు పడలేదు. నా నోరు ఖాళీగానే ఉంది. నేను అరవొచ్చు. అరవలేదు. పై వీధి ఓడుతుందని ఆ ఒక్క క్షణం అనిపించింది నాకు. అంతే, చెక్కలు పడ్డాయి. అది నా పాపం. అది మోస్తున్నాను. మిగతాది నాది కాదు."

"ఏడాదంతా ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నీ తమ్ముణ్ణి రథాలు చంపలేదు, నీ తెడ్డు చంపిందని చెప్పనా? నన్ను తిట్టుకుంటే నువ్వు బతుకుతావనుకున్నాను. తిట్టుకో అనుకున్నాను. హిసావో, కజుమా మూడోసారి అడగబోతున్నాడు. కాళ్ళు తన్నిపెట్టి రెడీగా ఉన్నారు మావాళ్ళు. ముడి విప్పు."

"లాగేకొద్దీ బిగుస్తోంది. రావడం లేదు."

"నేను విప్పుతా ఉండు. ఎట్లా వేశావురా దీన్ని. తడిసి బిగిసింది. అంతా నీ ముక్కు రక్తం."

"మధ్యలో ఎవరన్నా ఉన్నారా. మూడోసారి, ఆఖరిసారి అడుగుతున్నా."

"ఇక లాభం లేదు. నేను అరుస్తున్నా. ఓడితే ఓడింది, ఒరే కజుమా—"

"నోరు ముయ్యి. నువ్వు కాదు."

"చెయ్యి తియ్యరా. నువ్వు కూడా నా నోరు మూస్తావా. తియ్యి—"

"ఉన్నాను. మధ్యలో ఒనోదెరా ఇంటివాడు ఉన్నాడు. ఆపండి."