ఎర్ర టేపు బండి

డ్రైవింగ్ టెస్టు మైదానం గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టులో గేర్ల బాబాయ్ నోరు తెరిచాడంటే అందరి గ్లాసుల్లోనూ టీ చల్లారాల్సిందే. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆయనకున్నది ఒక పాత తెల్ల కారు, ఆ కారులో పట్టనంత నోరు. సొంత కారు లేనివాళ్లకీ, ఉన్నా దాని మీద నమ్మకం లేనివాళ్లకీ టెస్టు కోసం తన కారు అద్దెకివ్వడం ఆయన బతుకుతెరువు.

ఆ పొద్దున ఆయన కన్ను పడింది టాక్సీ ఆయన భార్య మీద. భర్త ఆవిడ పక్కనే కూర్చున్నాడు. టాక్సీ ఆయన అన్నది ఇప్పుడు పేరుకే. యాక్సిడెంటులో రెండు కళ్లూ పోయాక ఆయన స్టీరింగ్ ముట్టింది లేదు. ఆ టాక్సీ కారుని తనే నడిపి సంసారం ఈదాలని ఆవిడ పట్టుబట్టింది. పక్క సీట్లో కూర్చుని, ఇంజను చప్పుడు వింటూ, ఆయనే నేర్పాడు. తీరా టెస్టుకొస్తే రెండుసార్లూ మైదానంలో ఎక్కించి చూపాల్సిన ఎత్తు మీద బండి ఆగిపోయింది. ఈసారీ తప్పితే కారు అమ్మేద్దామని బావగారు తేల్చి చెప్పేశారు. కారు పోతే ఆ ఇంట్లో పొయ్యి దేనితో వెలగాలో ఆవిడకి తెలియడంలేదు. రాత్రంతా నిద్రలేదు.

"సొంత కారుతోనా చెల్లెమ్మా?" అన్నాడు బాబాయ్, జాలిగా. "సొంత కారంటే ఇంట్లో మనిషి లాంటిది. ఇంట్లో మాట వింటుంది, పదిమందిలోకి తెచ్చేసరికి మొండికేస్తుంది. నా బండి చూడు. ఇన్నేళ్లలో దీంట్లో కూర్చుని టెస్టు తప్పినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు."

"ఒక్కడూ?" అంది టీ కొట్టు ఆవిడ, గ్లాసులు కడుగుతూ.

"ఒక్కడూ! ఆ మధ్య ఒక పెద్దమనిషి వచ్చాడు. స్టీరింగ్ పట్టుకుంటే చేతులు గజగజ. ఎత్తు ఎక్కేసరికి భయంతో స్పృహే తప్పింది పాపం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా బండి వెనక్కి అంగుళం జారలేదు, ఎత్తు ఎక్కింది, దిగింది, ఎనిమిది అంకె తిరిగింది, గీతల మధ్య బుద్ధిగా ఆగింది, ఆగాక హారన్ కొట్టి ఆయన్ని లేపింది. ఆయన కళ్లు తెరిచేసరికి ఇన్‌స్పెక్టర్ గారు చెయ్యి కలుపుతున్నారు!"

టెస్టుకొచ్చిన బేకరీ ఆయన నవ్వి, టీ వొలకబోసుకున్నాడు. "బాబాయ్ గారూ, మరీ అంతా?"

"అంతా ఏమిటి నాయనా, ఇంకా మొదలే. ఇంకొకడున్నాడు, పిలిచే వేళకి రానేలేదు. చొక్కా మాత్రం సీటుకి తగిలించి ఎక్కడికో పోయాడు. పేరు పిలిచారు. నా బండి చూసింది చూసింది, ఇక లాభంలేదని చొక్కాని వేసుకునే బయల్దేరింది. ఇన్‌స్పెక్టర్ గారు పక్కన కూర్చుని, 'మనిషి కాస్త సన్నం, కానీ చెయ్యి తిరిగినవాడు' అని పాస్ చేసేశారు. లైసెన్సు మీద ఫొటో చూడాలి, మెడ పైన ఏమీ లేదు! అంతటితో అయిందా? పై అధికారి వచ్చి, ఈ కారునే ఇన్‌స్పెక్టరుగా వేసుకుంటామన్నాడు. సరే, ముందు మీవాళ్ల పనితనం చూద్దామని నా బండి ఆ ఇన్‌స్పెక్టర్‌కే టెస్టు పెట్టి, రివర్సులో తప్పించేసింది. ఆయన ఇవాళ్టికీ ఆఫీసుకి నడిచే వస్తాడు!"

టాక్సీ ఆయన భార్యకి కూడా నవ్వొచ్చింది. ఎన్నాళ్లయిందో నవ్వి. కోతలని తెలుసు, అయినా ఆ తెల్ల కారు వైపు ఆశగా చూడకుండా ఉండలేకపోయింది. "నిజంగా ఆగిపోదా బాబాయ్ గారూ, ఎత్తు మీద?"

బాబాయ్ దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "నీకు కాబట్టి చెబుతున్నా. అద్దాలకి ఎర్ర టేపు ముక్కలు అంటించాను. మైదానంలో స్తంభాలున్నాయా, ఈ ముక్క ఆ స్తంభానికి ఆనినట్టు కనబడగానే కుడికి తిప్పు, ఆ ముక్క ఈ స్తంభానికి ఆనగానే ఎడమకి తిప్పు. ఎత్తు మీద ఎక్కడ యాక్సిలరేటర్ తొక్కాలో దానికో ముక్క. అంతే! డ్రైవింగ్ రావాల్సిన పనేలేదు. మా బండికి కళ్లున్నాయమ్మా, నీవి నువ్వు మూసుకున్నా పర్వాలేదు."

బేకరీ ఆయన పకపకా నవ్వాడు. నల్ల కళ్లద్దాల వెనక ఇంతసేపూ ఉలకని టాక్సీ ఆయన తల తిప్పాడు.

"ఎర్ర టేపేనా?" అన్నాడు.

"అవునండీ. నాది తప్ప ఇంకే బండికీ ఉండదు."

"ఉండదనే ఆ అబ్బాయీ అన్నాడు." ఆయన గొంతులో కోపం లేదు. "నన్ను గుద్దిన అబ్బాయి. లైసెన్సు వచ్చి వారం కాలేదు. ఆస్పత్రిలో నా మంచం దగ్గర కూర్చుని ఒకటే ఏడుపు. 'అన్నా, ఎర్ర టేపు ఉన్న కారులో పాసయ్యాను. ఇది వేరే కారు, అద్దానికి టేపు లేదు. మలుపులో స్తంభం కోసం చూశాను. రోడ్డు మీద స్తంభం లేదన్నా. ఎక్కడ తిప్పాలో తెలియలేదు' అన్నాడు. ఏం మాట్లాడుతున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు."

ఈ మాట ఆయన ఇంతవరకూ భార్యకి చెప్పలేదు. ఆవిడ చెయ్యి దానంతటదే వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుంది. ఆ అబ్బాయిని ఇన్నాళ్లూ తిట్టుకుంది. ఇప్పుడు ఎవరిని తిట్టాలో తోచలేదు.

గేర్ల బాబాయ్ ఒక అడుగు వెనక్కి జరిగాడు. "అంటే... నేను టెస్టు వరకేనండీ... రోడ్డు సంగతి వాళ్లు చూసుకోవాలి కదా..."

"మీ బండిలో ఒక్కడూ తప్పలేదన్నారు. అది కోత కాదు బాబాయ్ గారూ. దానికి సాక్షిని నేనే."

టీ కొట్టు ఆవిడ కుళాయి కట్టేసింది. బేకరీ ఆయన "నేను ఇంకోరోజు వస్తాను" అని గొణిగి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

గేటు దగ్గర టాక్సీ ఆయన భార్యని పిలిచారు. "ఏ కారమ్మా?" అని అరిచాడు గేటు మనిషి.

"మాదే," అంది లేస్తూ. ఒక్క అడుగు వేసి వెనక్కి తిరిగింది. "ఏవండీ, మళ్లీ ఆగిపోతే?"

"ఆగిపోతే బ్రేకు పట్టుకుని, చుట్టూ చూసుకుని, మళ్లీ స్టార్ట్ చెయ్యి," అన్నాడాయన. "వాళ్లు తప్పిస్తే తప్పించనీ. నువ్వు మాత్రం చూసుకో."