అవతలి దేశం లాగిన ముల్లంగి

"నేను చల్లింది పిడికెడు ముల్లంగి గింజలురా, అంతే!" అన్నాడు లారీ బాబాయ్, టీకొట్టు బల్ల మీద బాసింపట్టు వేసుకుని. లారీ అమ్మేసి రెండేళ్లయినా ఆ పేరు పోలేదు, హారన్ లాంటి గొంతూ తగ్గలేదు.

"మా పెరడు తెలుసుగా, ఇల్లు కట్టినప్పటి కంకర తొక్కీ తొక్కీ బండైపోయింది. పక్షవాతం వచ్చి మీ పిన్ని కుడిచెయ్యి పట్టు తప్పాక చిన్నపార కూడా దిగట్లేదు. ఆర్నెల్లుగా పెరటి గుమ్మం దాటలేదు. మొక్కల మాటెత్తితే గోడవైపు తిరిగి పడుకుంటుంది. నా ప్రాణం ఉసూరుమంది. నేల మెత్తబడితే మనిషి లేస్తుందేమోనని ముల్లంగి వేశా. దాని వేరు గునపంలా దిగుతుంది. ఆకు కోసి అక్కడే పరచాలి, దుంప మాత్రం పీకకూడదు, లోపలే కుళ్లి ఎరువవ్వాలి."

"పీకని ముల్లంగి దేనికి బాబాయ్?" అన్నాడు దర్జీ.

"నువ్వు గుండీలు కుట్టుకో! వాటిలో ఒకటుందే, మొదటివారం మూరెడు దిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడోవారానికి పక్కింటి బావి ఎండగట్టింది! పక్కింటాయన తగువుకొస్తే ఒక ఆకు గిల్లి, కారిన నీళ్లు రెండు బిందెలు పట్టిచ్చి పంపాను."

"అబ్బో!" అంది టీకొట్టు అక్క.

"ఆగమ్మా, ఓ సాయంత్రం చూస్తే ముల్లంగి లోపలికి జారిపోతోంది. అవతలి దేశంలో ఎవడో మొన పట్టుకుని లాగుతున్నాడు! వాడు లాగుతాడు, నేను లాగుతాను, ఈ లాగులాటలో భూమి ఊగి ఆ రోజు సూర్యుడు గంట ఆలస్యంగా కుంగాడు. 'ఒరేయ్, అది పీకేది కాదురా, కుళ్లబెట్టేది' అని వేరు దిగిన కన్నంలోకి అరిచా. 'ముందే చెప్పొచ్చుగా' అని వదిలేశాడు, పాపం."

సంచి సర్దుకుంటున్న పోస్ట్‌మ్యాన్ తలెత్తాడు. "ఇప్పుడే మీ ఇంట్లో ఉత్తరం ఇచ్చొస్తున్నా బాబాయ్. ముల్లంగి వేసిన సంగతి విని, ఎంత లోతు దిగిందని పిన్నినే అడిగా. జానెడంది."

అందరూ గొల్లుమన్నారు.

"మంచం మీదున్న మనిషికేం తెలుస్తుందిరా?"

"మంచం మీద లేదు. పెరట్లో కూర్చుంది. నేల మెత్తగా ఉందని గరిటెతో తవ్వి టమాటా నారు పెడుతోంది."

బాబాయ్ బల్ల మీంచి కాళ్లు కిందికి దించాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఏ చేత్తో?"

"కుడి చేత్తోనే."

బాబాయ్ లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. కళ్లనిండా నీళ్లు.

"జానెడేరా," అన్నాడు. "జానెడు చాలు." చెప్పులు మరిచిపోయి ఇంటివైపు పరుగు తీశాడు.