నివేదికలో టోబిన్ పేరు

అమెరికాలోని ఒహాయోలో, ఒక కళాశాల విద్యార్థులు కలిసి ఉండే సోదర సంఘం ఇంట్లో, ఆదివారం మధ్యాహ్నం అధ్యక్షుడూ కార్యదర్శీ పాత సభ్యులకు పంపే వార్షిక నివేదిక రాస్తున్నారు.

“రక్తదానంలో కాలేజీ మొత్తానికీ మనమే ఫస్టని రాయి,” అన్నాడు అధ్యక్షుడు.

“రాశా. మరి టోబిన్ సంగతి?”

“అక్టోబరులో ప్రమాదవశాత్తూ మెట్ల మీంచి పడి చనిపోయాడని రాసెయ్.”

“ప్రమాదమా? మందు సీసా ఖాళీ చేస్తేనే సంఘంలో చేర్చుకుంటామని వాడికి చెప్పింది నువ్వు కాదూ?”

“మెల్లిగా మాట్లాడరా! వాడు పడ్డాక అంబులెన్సుకి ఫోన్ చేద్దామంటే, పడుకుంటే తగ్గిపోతుందన్నదెవరు?”

“నేనే. కాదన్నానా?”

“అయితే నోరు మూసుకుని రాయి. పోలీసులకి చెప్పిందే ఇందులోనూ ఉండాలి.”

“నిన్న టోబిన్ వాళ్లమ్మ ఫోన్ చేసిందిరా. నివేదిక ఒకటి తనకీ పంపమంది.”

“ఆవిడకెందుకు?”

“వాడి పేరు అచ్చులో చూసుకుంటుందట. ‘ఆఖరి ఘడియలో మీరంతా అన్నదమ్ముల్లా పక్కనున్నారు, అంతే చాలు నాయనా’ అంది.”

“నువ్వేమన్నావు?”

“పంపుతానన్నా. ఇంకేమనను?”

అధ్యక్షుడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

“ఆ ‘ప్రమాదవశాత్తూ’ కొట్టెయ్.”

“కొట్టేసి?”

“జరిగింది జరిగినట్టు రాయి. ముందు నా పేరు పెట్టు. తర్వాత నీది.”