కౌజుపిట్ట లేచిన చోటు

"అవ్వా, నా కొడుకు వీడు, ఒక్కచోట కుదురుగా కూచోడు. మా అమ్మ కూడా చిన్నప్పుడు ఇట్లనేనంట గదా?"

ఇట్లనా! వీడు నయమమ్మీ. మీ అమ్మ బళ్ళో కూచుంటే కన్ను కాకి మీద, చెయ్యి పక్కదాని జడ మీద. నెలకొక పలక పగలగొట్టేది. మార్కాపురం పలక, తెల్లదొరల కాలం గదా, అణానో, అణాన్నరో... ఏదోలే. అయ్యవారు "ఈ తిక్కదాన్ని నువ్వే పెట్టుకో" అని పంపించేసినాడు. నేనేమన్నా తక్కువదాన్నా? కూచోని చదువుతాదని నా పాతచీరతో గుంజకు కట్టేసినా. పాపం, ఒక్క ఎక్కం రాలే.

అదే పిల్ల, నా ఎనక నీళ్ళకొస్తా పదమూడో ఎక్కం దాకా గడగడా చెప్పేది చూడు! కాళ్ళు ఆడితేనే దానికి బుర్ర నిలబడేది.

ఆ ఏడు, పెద్దారవీడు కాడ మన చేలో జొన్న ఇత్తనం. ఎద్దులు లాగే గొర్రు ఎనక నడుస్తా జడ్డిగంలో, అదే, ఆ చెక్కగిన్నెలో, పిడికిట్లోంచి గింజలు సమంగా వదలాల. అది ఆడోళ్ళ పని. చెయ్యి తప్పితే మొలకలో సందు పడతాది, దోవన పోయేటోళ్ళంతా చూసి నవ్వుతారు. నాకేమో మీ మామ కడుపులో, నెలలు నిండినాయి. వాన పడినాక నేల పదను ఆగదు గదా. "పాపను పెడదాం" అన్నా. మీ తాత ఎగిరిపడినాడు. "ఏడాది తిండి, తిక్కదాని చేతిలో పెడతావా?"

"కూచుంటేనే అది తిక్కది" అన్నా.

పదేళ్ళ పిల్ల, ఎక్కాలు చెప్పుకుంటా చేనంతా ఇత్తింది. మొలకొచ్చేదాకా నాకు నిద్దర లేదనుకో. పోయి చూస్తే, గీత గీసినట్లు సాళ్ళు! ఒక్కచోట మాత్రం బారెడు ఖాళీ. "అక్కడ కౌజుపిట్ట లేచిందిమా" అనింది. మీ తాత తిడతాడనుకున్నా. నవ్వి, ఆ ఖాళీలో నాలుగు ఆముదం గింజలు పెట్టినాడు. మరుసటేడు పెద్దరైతులే ఇంటికొచ్చి "మీ పాపను ఇత్తనానికి పంపమ్మా" అంటే, నేను గడపలో నిలబడి... అబ్బో, నా గీర చూడాల్సింది!

అయ్యవారి కాడికి కూడా పోయినాలే. "అయ్యా, దాన్ని నడుస్తా చదవనీ" అన్నా. అరుగు చుట్టూ తిరుగుతా చదివింది.

ఆ ఖాళీలో పండిన ఆముదమే కాచి మీ అమ్మ తలకంటినా. వీణ్ని కట్టెయ్యబాకమ్మీ. చల్లగుండాల నా తండ్రి. వీడి చెయ్యి పడ్డ చేలు... ఏడీ? ఇప్పుడే ఈడ ఉండె గదా!