ఏనుగు పీకలేని కడ్డీ

చెప్పేవాడి నోరు పెరటి తిన్నె మీద ఉన్నది. వినేవారి చెవులు మాత్రం ఎదుటి స్నానాల గది తలుపు మీద ఉన్నాయి.

ఆ తలుపు వెనుక తాయమ్మ ఉన్నది. క్రిందటి నెల ఆమె ఆ గదిలోనే జారి పడింది. ఎముక విరగలేదు గానీ, ఆనాటి నుండి లేచి నిలబడితే తల తిరిగేది, కళ్ళు మూసుకుంటే ఒళ్ళు ఒక పక్కకు ఒరిగేది. అందువల్ల కోడలు జయంతి లోపలికి వెళ్ళి, భుజం పట్టుకొని స్నానం చేయిస్తూ వచ్చింది. తాయమ్మకు అది మింగుడుపడలేదు. "పసిబిడ్డకు పోసినట్టు పోస్తా ఉండారు నాకు" అని ప్రతి పొద్దూ అనేది. చివరకు కొడుకు గిరిప్రసాద్ ఒక మాటకు ఒప్పుకున్నాడు. గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి బిగించాలి. ఆమె ఒంటరిగా స్నానం చేసి క్షేమంగా బయటకు వస్తే, ఆపై ఆమె ఇష్టం. పడిందంటే మాత్రం రేపటి నుండి తలుపుకు గడియ ఉండదు, జయంతి లోపలే ఉంటుంది.

కడ్డీ బిగించినవాడు ధనంజయ, తాయమ్మ తమ్ముడి కొడుకు. బంగారుపాళ్యంలో కుళాయిలు, పైపులు బిగించడం అతని వృత్తి. ఆ పని చేయడం కంటె దాన్ని గురించి చెప్పడంలో అతనికి నేర్పు ఎక్కువ. ఉదయం వచ్చి, ఫోనులో మాట్లాడుతూనే గోడకు రంధ్రాలు వేసి, మాట్లాడుతూనే మరలు తిప్పి, మాట్లాడుతూనే చేతులు కడుక్కున్నాడు. జయంతి చేతుల కుర్చీ ఒకటి లోపల వేయబోతే నవ్వాడు.

"నా కడ్డీ ఉండగా కుర్చీ ఎందుకమ్మా? షవర్ గూడా పెట్టినా. కింద నిలబడి తిప్పితే సాలు."

"షవరొద్దు నాయనా," అన్నది తాయమ్మ. "నెత్తిన వాన పడినట్టు పడితే కండ్లు మూసుకోవాల. కండ్లు మూస్తే నేను తూలిపోతా. జయంతీ, ఒక బక్కెట్టు నిండా నీళ్ళు పట్టు. ఇంగొక బక్కెట్టు ఉత్తది పెట్టు."

"ఉత్తది ఎందుకత్తా?"

"పెట్టమంటే పెట్టు."

ఆ తరువాత గోనెపట్ట ఒకటి భుజాన వేసుకొని, ఆ కుర్చీనే ముందుకు తోసుకుంటూ మెల్లగా లోపలికి పోయి, గడియ పెట్టుకున్నది. పిలిస్తే తప్ప ఎవరూ రాకూడదన్నది.

ఇప్పుడు తిన్నె మీద నలుగురు ఉన్నారు. జయంతి చేటలో నానిన అనపగింజలు పోసుకొని, పొట్టు ఊడేలా పితుకుతూ ఉన్నది. గిరిప్రసాద్ మామిడి పల్ప్ ఫ్యాక్టరీకి పనికి పోవలసినవాడు పోకుండా కూర్చున్నాడు. పక్కింటి మునిరామయ్య కాఫీ గ్లాసుతో వచ్చాడు. లోపలి నుండి చెంబుతో నీళ్ళు పోసుకునే చప్పుడు వినిపిస్తూ ఉన్నది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా జయంతి వేళ్ళు ఆగేవి.

"అత్తను గురించి దిగులు పడొద్దు బావా," అని ధనంజయ గొంతు సవరించుకున్నాడు. "పలమనేరులో పరంధామయ్య మాస్టరని ఒకాయన ఉండాడు. రిటైరై సానా ఏండ్లయింది, నిలబడితే కాళ్ళు వణుకుతాయి. ఆయనకు గూడా ఇట్లాంటి కడ్డీనే బిగించినా. సిన్న పని. మరుసటి దినమే సబ్బు కాలికింద పడి ఆయన జారినాడు. జారినోడు కడ్డీ పట్టుకున్నాడు, నిలబడినాడు. అంతే. ఫోను చేసి, 'ధనంజయా, బతికిస్తివి నాయనా' అని ఏడ్చినాడు."

"ఇంతవరకు నమ్మచ్చు," అన్నాడు మునిరామయ్య.

"నమ్మేది మాత్రమే చెప్తా ఉండా మామా. ఆ కాడికి నేను ఊరుకుంటినా? కింద బండలు నున్నగా ఉండాయి, వాటిని తీసేసి గరుకు బండలు పరిచినా. ఎంత గరుకో తెలుసా? బల్లి ఒకటి గోడ దిగి ఆ బండ మీద కాలు పెట్టింది. పెట్టిన కాలు మళ్ళా తీయలేకపోయింది. మాస్టరు భార్య దానికి అన్నం మెతుకులు వేసి సాకతా ఉండాది. మాస్టరు చెప్పులు విడిచినాడా, ఆ చెప్పులు ఈ పొద్దుకీ ఆడనే ఉండాయి. ఊడదీసేదానికి ఇద్దరు మనుషుల్ని పెట్టినారు, ఆ ఇద్దరూ..."

"వాళ్ళు గూడా ఆడనే ఉండారా?"

"ఒకడు వచ్చేసినాడు మామా. అబద్ధమెందుకు చెప్పాల?"

గిరిప్రసాద్ నవ్వబోయాడు. అంతలో లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. అతని నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. జయంతి చేట మీద నుండి తలెత్తింది.

"సబ్బు రుద్దుకుంటా ఉంటాది," అన్నాడు ధనంజయ. అతడు తలుపు వైపు ఒకసారి చూసి, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. గొంతు కొంచెం పెరిగింది. "అసలు కథ బల్లిది కాదు బావా. ఏనుగుది. మామిడికాయల కాలంలో అడవిలోనించి ఒంటి ఏనుగు దిగింది గదా, తోటలన్నీ తొక్కి? అది కాయలు తిని తిని దప్పికై మాస్టరింటి కాడికి వచ్చింది. లోపల మాస్టరు స్నానం చేస్తా ఉండాడు. అది కిటికీలో తొండం పెట్టి తడిమితే ఏం దొరికింది? నా కడ్డీ! పట్టుకొని లాగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ముగ్గురూ తలుపు వైపే చెవి పెట్టారు. తలుపు వెనుక ఇంకా చప్పుడు లేదు.

"కడ్డీ ఊడలే!" అని ధనంజయ తన తొడ మీద తానే చరిచాడు. "ఇంగా గట్టిగా లాగింది. కడ్డీ ఊడలే, ఇల్లు ఊడింది. పునాదులతో గూడా పెళ్ళగిల్లి, సొరకాయ తీగ పీకినట్టు వచ్చేసింది. ఏనుగు ముందర, ఇల్లు వెనకాల. ఇంటి లోపల మాస్టరు ఒక చేత్తో కడ్డీ పట్టుకొని, ఇంగో చేత్తో చెంబు ఎత్తి పోసుకుంటానే ఉండాడు. ఇల్లు కదిలినట్టు గూడా ఆయనకు తెలీలే. అంత బిగింపు!"

"అన్నా, కొంచెం మెల్లగా చెప్పు," అన్నది జయంతి. "లోపల ఏమీ వినపడలే."

"చెల్లీ, ఆ గడియ గూడా నేను బిగించిందే. బుల్డోజర్ వచ్చినా రాదు. నువ్వు నిమ్మళంగా ఉండు. ఏనుగు మొగిలి ఘాటు దిగింది, హైవే పట్టింది. లారీలన్నీ పక్కకు తప్పుకున్నాయి. టోల్‌గేటు కాడికి వచ్చినాక ఆడుండే మనిషి చెయ్యి అడ్డం పెట్టినాడు. 'ఆగండి, దీన్ని లారీ అని రాసుకోవాల్నా, బస్సు అని రాసుకోవాల్నా' అన్నాడు. మాస్టరు కిటికీలోనించి తల బయట పెట్టి, 'ఇది బండి కాదు నాయనా, బాత్రూము. నా నెత్తిన నురగ ఉండాది, తొందరగా గేటెత్తు' అన్నాడు. ఆ మనిషి ఎత్తనంటే ఎత్తనన్నాడు. కంప్యూటర్‌లో బాత్రూముకు కోడు లేదంట."

మునిరామయ్యకు కాఫీ పొలమారింది. దగ్గుతూనే అతడు తలుపు వైపు చూశాడు.

అప్పుడు లోపల చప్పుడు మళ్ళీ మొదలైంది. అయితే ఇది వేరే చప్పుడు. ఒంటి మీద పడి జారే నీళ్ళ చప్పుడు కాదు. నీళ్ళు ఎత్తు నుండి ఏదో పాత్రలో పడుతున్న చప్పుడు. ఒక చెంబు. కొంతసేపు నిశ్శబ్దం. మరొక చెంబు. ఎంతసేపటికీ ఆ చప్పుడు మారలేదు.

"ఏం చేస్తా ఉండాది మాయమ్మ?" అన్నాడు గిరిప్రసాద్, లేచి నిలబడుతూ.

"కూర్చో బావా! కూర్చో. ఇంగ అసలైన చోటికి వచ్చినా." ధనంజయ అతని చెయ్యి పట్టి లాగాడు. అతని కళ్ళు తలుపు వైపే ఉన్నాయి. గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేంతగా పెరిగింది. "గేటు ఎత్తకపోతే ఏనుగు వెనక్కి తిరిగింది. మళ్ళా మొగిలి ఘాటు ఎక్కింది. పెద్ద మలుపు ఉండాది సూడు, ఆడ ఇల్లు జారింది! లోయలోకి జారింది! కప్పు రాలిపోయె. వంటిల్లు రాలిపోయె. తలుపులు, అరుగులు అన్నీ రాలిపోయె. మిగిలింది ఒకే ఒక గోడ. ఆ గోడకు నా కడ్డీ. కడ్డీకి మాస్టరు. పైనుంచి ఏనుగు గూడా కాలు జారి, తొండంతో అదే కడ్డీ పట్టుకొని వేలాడతా ఉండాది!"

"ఉండప్పా," అన్నాడు మునిరామయ్య. "ఏనుగు, మాస్టరు కడ్డీకి వేలాడతా ఉండారు. కడ్డీ గోడకు ఉండాది. ఆ గోడ దేన్ని పట్టుకొని ఉండాది?"

"అదే గదా మామా నా పనితనం! గోడ కడ్డీని మోయలే. కడ్డీనే గోడను మోసింది! కింద లోయ సూస్తే మబ్బులు. మాస్టరు ఏమన్నా బెదిరినాడా? లేదు. ఏనుగు బెదిరింది. మాస్టరు ఏనుగు వైపు తిరిగి..."

లోపల ధన్‌మని పెద్ద చప్పుడైంది. వెంటనే నీళ్ళు ఒక్కసారిగా నేల మీద పరచుకున్న శబ్దం. ఆ వెనుక ఇనుము బండ మీద దొర్లిన శబ్దం. ఆపై ఏమీ లేదు.

చేట బోర్లపడి అనపగింజలు తిన్నె మీదంతా దొర్లాయి. జయంతి ఒక్క గంతులో తలుపు చేరుకున్నది.

"అత్తా! అత్తా, పలకండి!"

పలుకు లేదు. తలుపు కింది సందులోంచి నీళ్ళు పారి ఆమె పాదాలను తడిపాయి.

"అమ్మా!" గిరిప్రసాద్ అరచేతులతో తలుపు బాదాడు. "అమ్మా, యాడ పడితివి? ధనంజయా, ఈ గడియ ఎట్ల వస్తాది?"

ధనంజయ నోరు తెరిచాడు. అంతవరకు ఏనుగును, ఇంటిని, కొండను మోసిన ఆ నోటి నుండి చిన్న మాట వచ్చింది. "ఒక్క తోపు తోయి బావా. వచ్చేస్తాది. పైన ఒక్క మరే వేసినా."

గిరిప్రసాద్ భుజం ఆనించాడు.

"తోయొద్దురా!" అన్నది లోపలి నుండి తాయమ్మ గొంతు. "చీర కట్టుకుంటా ఉండా."

జయంతి అక్కడే గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది. "పిలిస్తే పలకలేరా అత్తా? పానం పోయింది నాకు."

"కుచ్చిళ్ళు పండ్లతో కరిచి పట్టుకొని ఎట్ల పలకాల?"

మగవాళ్ళు ముగ్గురూ తలుపు ముందే నిలబడ్డారు. కుర్చీ కాళ్ళు గోనెపట్ట మీద ఈడ్చిన చప్పుడు, ఆగి ఆగి వేసే అడుగుల చప్పుడు, తరువాత గడియ తీసిన చప్పుడు వరుసగా వినిపించాయి. తాయమ్మ వచ్చింది. ఎడమ చేయి కుర్చీ వీపు మీద ఉన్నది. ఒంటి మీద గాయం లేదు, తడి జుట్టు ముడి వేసుకొని ఉన్నది. కుడి చేతిలో మూరెడు స్టీలు కడ్డీ ఉన్నది. దాని రెండు చివరలా సున్నపు పెళ్ళలు అంటుకొని, క్యాలెండర్ తగిలించే మేకులంత మరలు వేలాడుతున్నాయి.

"పడింది బక్కెట్టు," అన్నది ఆమె కొడుకుతో. "నేను గాదు. కుర్చీలో కూర్చొని పోసుకున్నా. కాళ్ళకింద గోనెపట్ట ఉండాది, జారలే. లేచేటప్పుడు ఈ కడ్డీ పట్టుకోవాల గదా, పట్టుకునే ముందు సూసుకోవద్దా? మీ నాయన మామిడిచెట్టు ఎక్కితే, ముందు కాయల గంప కొమ్మకు తగిలిస్తా ఉండినాడు. కొమ్మ కిర్రుమనకుంటేనే కాలు పెట్టేది. నేను ఉత్త బక్కెట్టును తుండుగుడ్డతో దీనికి కట్టి, చెంబు చెంబు నీళ్ళు పోసినా. సగం గూడా నిండలే."

గిరిప్రసాద్ ఊడిన మరలను వేలితో తడిమి చూశాడు. "ఆ కుర్చీ లోపలే ఉండనీ," అన్నాడు. "గోడకు మేస్త్రీని పిలిపిస్తా. ఆ కడ్డీని గూడా నువ్వే సూసుకో. నిండు బక్కెట్టు కట్టి సూడు."

"గడియ?"

"ఉంటాది."

"అయితే జయంతి ఈ తిన్నె మీద కూర్చోనీ. పలికేంత దగ్గర. అంతకంటె దగ్గరొద్దు," అన్నది తాయమ్మ. కోడలు కళ్ళు తుడుచుకొని తల ఊపి, చెదరిన గింజలు ఏరడానికి వంగింది.

"మరి నడిమిన చప్పుడు లేకపోయె గదమ్మా, అప్పుడేం చేస్తా ఉంటివి?" అన్నాడు మునిరామయ్య.

"ఏనుగు టోల్‌గేటు కాడికి వచ్చింది గదా. చెంబు పట్టుకొని వింటా ఉంటి."

ధనంజయ ఆ మాటకు కొంచెం తేరుకున్నాడు. మెడ నిక్కించి, "అత్తా, అది ఎట్లంటే, పాత గోడ గదా, గోడలో తేమ..." అని మొదలుపెట్టాడు.

తాయమ్మ ఆ కడ్డీని తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇంద నాయనా, తొందరగా పో. మాస్టరు, ఏనుగు ఇంగా లోయలోనే వేలాడతా ఉండారు."